కొల్లేటి చాంతాడు లాగడం ఎందుకంటే...

మీ ఆఫీసు జిమ్ములో ఓ మూలన ఉంటుంది చూడండి... పొడుగ్గా, ముందు ఓ గుండ్రటి డబ్బాలో ఫ్యాను, వెనక పట్టా మీద జారే చిన్న సీటు, మధ్యలో గొలుసుకి కట్టిన పిడి. దాన్ని రోయింగ్ మెషీను అంటారు. నేను చూసిన జిమ్ముల్లో దాని ముఖ్యమైన ఉపయోగం తువ్వాళ్ళు ఆరేసుకోవడం. ట్రెడ్‌మిల్లు కోసం వరసలో నిలబడతారు గానీ, ఖాళీగా పడున్న దీని జోలికి ఎవరూ పోరు. ఎవరైనా కూర్చున్నా, రెండు నిమిషాలు చేతుల్తో ఎడాపెడా లాగేసి, నడుం పట్టుకుని లేచిపోతారు.

ఈ మెషీను తరఫున వకాల్తా పుచ్చుకుని నాలుగు ముక్కలు రాద్దామని ఇవాళ కూర్చున్నాను. "నెల రోజుల్లో బొజ్జ మాయం" లాంటి వకాల్తా అనుకునేరు, ఆ బాపతు కాదు. నేను చెప్పేది ఇదీ: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల ఆరుబయట ఆటలాడేవాళ్ళకీ, సైకిలు తొక్కేవాళ్ళకీ, పరిగెత్తేవాళ్ళకీ ఇది బాగా పనికొచ్చే సాధనం. కాకపోతే రెండు షరతులు. ఒకటి, దీన్ని అమెరికా వాడి క్యాలెండరు ప్రకారం కాకుండా మన పంచాంగం ప్రకారం వాడాలి. రెండు, బయటికి వెళ్ళే తేదీ ముందే పెట్టుకుని వాడాలి. ఆ తేదీ లేకపోతే ఇది నిజంగానే తువ్వాళ్ళు ఆరేసుకునే దండెం.

ముందు ఇది ఎందుకు పుట్టిందో చూద్దాం. ఇవాళ ప్రపంచంలో ఎక్కువగా కనబడే మోడల్ని తయారు చేసింది కాన్సెప్ట్ 2 అనే కంపెనీ. డిక్, పీట్ డ్రైసిగాకర్ అనే ఇద్దరు అన్నదమ్ములు 1976లో పోటీ పడవల తెడ్లు తయారు చెయ్యడానికి దాన్ని పెట్టారు. వాళ్ళ వర్క్‌షాపు వెర్మాంట్ రాష్ట్రంలో. చలికాలం వస్తే అక్కడ నీళ్ళు గడ్డకట్టేస్తాయి, పడవ దిగదు. మరి సాధన ఎలా? సైకిలు చక్రానికి గాలిని కోసే రెక్కల్లాంటివి తగిలించి, గొలుసు పెట్టి లాగేలా ఓ యంత్రం చేశారు. 1981లో అది అమ్మకానికి వచ్చింది. అప్పటికప్పుడే బోస్టన్లో, పడవ పోటీల నుంచి రిటైరయిన కొందరు ఆటగాళ్ళు చలికాలం విసుగు పోగొట్టుకోవడానికి ఈ మెషీన్ల మీదే పందేలు మొదలుపెట్టారు. ఫిబ్రవరిలో జరిగే ఆ పందేలు తర్వాత్తర్వాత పెద్ద పోటీలయ్యాయి.

అంటే ఏమిటన్నమాట? ఈ మెషీను ఒక వాతావరణానికి జవాబుగా పుట్టింది. నీళ్ళు గడ్డకట్టే నాలుగు నెలలు ఇంట్లో కూర్చుని లాగాలి, మంచు కరిగాక పడవెక్కాలి. వ్యాయామం గురించి మనం చదివే పుస్తకాల్లో, చూసే వీడియోల్లో ఈ లెక్కే నడుస్తుంది. "చలికాలం లోపల, ఎండాకాలం బయట". మనవాళ్ళు దాన్నే తెచ్చి జనవరి ఒకటో తారీఖున జిమ్ము కడతారు! ఏడాది మొత్తంలో కాలు బయటపెట్టడానికి అంతకంటే మంచి నెల లేని జనవరిలో ఏసీ గదిలో దూరి, చెమటలు కక్కే మే నెలకి ఉత్సాహం తగ్గిపోయి మానేస్తారు. తిరగరాసుకోవలసిన క్యాలెండరు ఇదే.

మన ప్రాంతం పంచాంగం ఒకసారి చూడండి. కార్తీక మాసం వచ్చేసరికి వానలు తగ్గుముఖం పడతాయి. అప్పటినుంచి ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర దాకా మనకి బంగారం లాంటి కాలం. పొద్దున్నే మంచు, పల్చటి ఎండ. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డెక్కితే అటూ ఇటూ నీళ్ళు, ఆ నీళ్ళ మీద పక్షులు. ఆటపాకలో గూడబాతులు పిల్లల్ని లేపేది కూడా ఈ రోజుల్లోనే. ఎత్తుపల్లాల్లేని రోడ్డు. ఎదురుగాలి ఒక్కటే కొండెక్కినంత పని చేస్తుంది. గూడెంలో అయితే రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. విమానాలు దిగడం మానేసి దశాబ్దాలయింది గానీ పొద్దున్నే నడిచేవాళ్ళకీ పరిగెత్తేవాళ్ళకీ అంతకంటే చక్కటి దారి ఏ కార్పొరేషనూ వేసిపెట్టదు. ఇక సంక్రాంతికి కోతలయిన చేలల్లో, బడి గ్రౌండుల్లో వాలీబాలు, కబడ్డీ సరేసరి.

తర్వాత? ఏప్రిల్ నుంచి ఎండ మొదలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, సాఫ్టువేరు ఇంజనీరు ఒక లెక్కా? ఎండ ఒక్కటే అయితే ఏదోలా నెగ్గుకురావచ్చు. మన డెల్టాలో దానికి ఉక్కపోత తోడు. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. 2015 మే నెల వడగాలులకి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కాబట్టి "మగాడివైతే మధ్యాహ్నం పరిగెత్తు" తరహా వీరత్వం ఇక్కడ పనికిరాదు. ఎండాకాలంలో పంట కాలువలు కూడా కట్టేస్తారు, కాబట్టి ఈత మాటా లేదు.

ఎండ పోయాక వానలు. జులై నుంచి అక్టోబరు దాకా ఏ రోజు రోడ్డు ఎలా ఉంటుందో చెప్పలేం. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు లాంటివి ఎన్నో వచ్చి పడతాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడని ముంచింది అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ నీళ్ళే తర్వాత కొల్లేటికి చేరి, ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి ఎక్కి రాకపోకలు ఆపేశాయి. అలాంటప్పుడు సైకిలు కాదు కదా, బస్సే పోదు.

సో, బోస్టన్ వాడికి డిసెంబరు నుంచి మార్చి దాకా ఏదైతే ఉందో, మనకి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అది ఉంది. వాడికి మంచు, మనకి ఎండావానా. వాడి నాలుగు నెలలకి మనవి ఏడు నెలలు. అంటే లోపల సాధన చేసుకోవలసిన అవసరం వాడికంటే మనకే ఎక్కువ! ఈ ఏడు నెలలూ ఏమీ చెయ్యకుండా కూర్చుని, సంక్రాంతికి గౌతమి ఎక్కి ఊళ్ళో దిగి, దిగిన పూటే వాలీబాలు నెట్టు దగ్గర ఎగిరితే ఏమవుతుందో మీకు తెలుసు. కనుమ నాటికి ఊళ్ళో ఉన్న నొప్పుల మందు ట్యూబులన్నీ ఖాళీ. ముక్కనుమ రోజు రైల్లో సగం మంది కుంటుతూ ఎక్కుతారు :)

మరి దీనికి రోయింగ్ మెషీనే ఎందుకు? ట్రెడ్‌మిల్లు లేదా, కదలని సైకిలు లేదా అంటారేమో. ఉన్నాయి. కానీ ఇందులో ఉన్న కిటుకు వేరు.

చూసేవాళ్ళకి ఇది చేతుల వ్యాయామం లాగా ఉంటుంది. నిజానికి పెద్ద పని కాళ్ళది. మోకాళ్ళు మడిచి ముందుకి జరిగి కూర్చుంటాం. అక్కణ్ణించి పాదాలతో పలకని తోస్తాం. కాళ్ళు చాపడం దాదాపు పూర్తయ్యాక నడుము పైభాగం తుంటి దగ్గర్నుంచి వెనక్కి వాల్తుంది. చిట్టచివర చేతులు పిడిని పక్కటెముకల దాకా తెస్తాయి. తిరిగి వెళ్ళేటప్పుడు ఇదే క్రమం తలకిందులుగా: ముందు చేతులు, తర్వాత నడుము, ఆఖర్న మోకాళ్ళు. కొల్లేటిలో దోనె మీద నిలబడి గెడ వేసేవాళ్ళని గమనించండి. గెడని చేత్తో పట్టుకున్నా, దోనెని ముందుకి తోసేది అరికాలు నుంచి భుజం దాకా ఉన్న ఒళ్ళంతా. సూత్రం ఒకటే. బరువుని నేల మీదో, పలక మీదో కాలితో తోసి, ఆ తోపుని వీపు గుండా చేతికి అందించడం.

రోజుకి తొమ్మిదీ పది గంటలు కుర్చీలో కూర్చునే మన జాతికి సరిగ్గా మొద్దుబారేవి ఈ వెనకభాగపు కండరాలే. పిరుదులు, తొడల వెనక కండరాలు, వీపు, భుజాల మధ్య భాగం. సైకిలు తొక్కితే తొడల ముందు భాగం బాగా బలపడుతుంది గానీ, హ్యాండిల్ మీదికి వంగి ఉండటం తప్ప వీపుకి పెద్ద పని ఉండదు. రోయింగ్ ఆ లోటు పూడుస్తుంది. గుండెకీ ఊపిరితిత్తులకీ మాత్రం సైకిలుతో సమానంగా పని పెడుతుంది. మోకాళ్ళ మీద, మడమల మీద దెబ్బ పడదు. కాబట్టి పరిగెత్తి పరిగెత్తి కాళ్ళు నొప్పులు పుట్టినవాళ్ళు కూడా దమ్ము తగ్గకుండా చూసుకోవచ్చు.

ఇంకో సంగతి, మన ఇంజనీర్లకి నచ్చేది. ఇది అబద్ధమాడని యంత్రం. మీరు ఎంత బలంగా లాగితే చక్రం అంత వేగంగా తిరుగుతుంది, గాలి అంత గట్టిగా ఎదురు నిలుస్తుంది. తెర మీద 500 మీటర్లకి ఎంత సమయం పడుతోందో చూపిస్తుంది. ఇక్కడే ఓ చిన్న లెక్క ఉంది. పెట్టే శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. 500 మీటర్లకి రెండున్నర నిమిషాల చొప్పున వెళ్ళడానికి దాదాపు 104 వాట్లు చాలు. దాన్ని రెండు నిమిషాలకి తేవాలంటే దాదాపు 203 వాట్లు కావాలి. వేగం పెరిగింది నాలుగో వంతు, పెట్టాల్సిన శక్తి మాత్రం రెట్టింపు! అందుకే మొదటి నెలలో చకచకా తగ్గే సమయం తర్వాత ఒక్కో సెకనుకీ ఏడిపిస్తుంది. మెషీను పాడైపోయిందని కంగారు పడకండి, ఫిజిక్సు అంతే.

ఆ చక్రం పక్కన ఒకటి నుంచి పది దాకా అంకెలున్న మీట ఉంటుంది. మనవాళ్ళు వస్తూనే దాన్ని పదికి తోస్తారు. అది కష్టానికి కొలత కాదు, సైకిలు గేరు లాంటిది. లోపలికి ఎంత గాలి పోవాలో చెప్తుందంతే. పదిలో పెడితే ఇసుక లోడు పడవని లాగినట్టు ఉంటుంది, మూడు నాలుగులో పెడితే తేలికపాటి పోటీ పడవ లాగా ఉంటుంది. ఆరుబయట ఆటల కోసం సాధన చేసేవాళ్ళకి మూడు నుంచి అయిదు మధ్య చాలు. పదిలో పెట్టి, వీపు గూనిగా వంచి, చేతుల్తో లాగితే నడుం నొప్పి గ్యారంటీ. పోటీల్లో రోయింగ్ చేసేవాళ్ళని కూడా ఎక్కువగా బాధపెట్టేది నడుమే. ఇప్పటికే కుర్చీ పుణ్యమా అని నడుం నొప్పి ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి.

ఇంత పొగిడాక ఇది ఏమి చెయ్యలేదో కూడా చెప్పాలి. లేకపోతే నేను మెషీన్ల ఏజెంటుని అనుకుంటారు.

పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ నేల తిరిగి కొట్టే దెబ్బని తట్టుకోవడం పిక్కలకీ ఎముకలకీ ఇది నేర్పదు. ఆర్నెల్లు మెషీను లాగి, ఒక్కసారిగా పది కిలోమీటర్లు పరిగెడితే దమ్ము ఉంటుంది, పిక్కలుండవు. షటిల్ ఆడేవాళ్ళకి కావలసింది పక్కలకి కదలడం, చటుక్కున ఆగడం, తిరగడం. ఇది ముందుకీ వెనక్కీ తప్ప కదలదు. కబడ్డీలో ఎదుటివాడి చెయ్యి ఎటు వస్తుందో ఇది చెప్పదు. ఎండకి ఒళ్ళు అలవాటు పడటం కూడా ఏసీ గదిలో జరగదు. దానికి బయట పది పదిహేను రోజులు కొద్దికొద్దిగా తిరగాల్సిందే. ఇక పడవ సంగతి అంటారా, నీళ్ళ మీద తూగే పడవలో నిలకడగా కూర్చోవడం నేల మీద బోల్టులు బిగించిన మెషీను నేర్పే విద్య కాదు.

మన భాషలో చెప్పాలంటే ఇది స్టేజింగ్ సర్వరు. ప్రొడక్షన్ బయట ఉంది. స్టేజింగ్‌లో పాసైన కోడు ప్రొడక్షన్‌లో ఎన్ని వేషాలు వేస్తుందో మనకి ఒకరు చెప్పాలా? అయినా స్టేజింగ్ లేకుండా సరాసరి ప్రొడక్షన్‌లో పెట్టేవాణ్ణి ఏమంటామో కూడా తెలుసు. సంక్రాంతి వాలీబాలు అలాంటి డిప్లాయ్‌మెంటే. అలాగే ఎన్నటికీ రిలీజు చెయ్యని ప్రాజెక్టుకి ఏళ్ళ తరబడి టెస్టింగు చేస్తూ కూర్చోవడం కూడా పిచ్చితనమే. జిమ్ములోంచి బయటికి రాని వ్యాయామం నాకు అలాగే కనిపిస్తుంది.

"మా తాతలు ఏ మెషీను లాగారు బాబూ, వందేళ్ళు బతకలేదా?" అని అడిగేవాళ్ళుంటారు. మర్యాదగా జవాబు చెప్పాలి. తాతలు లాగారండీ! మెషీను కాదు, పడవలే లాగారు. మన కాలువలు సాగునీటికే కాకుండా పడవల కోసం కూడా తవ్వినవి. రోడ్లూ లారీలూ రాకముందు ధాన్యం, కలప అన్నీ పడవల మీదే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే గట్టు మీద తాడు భుజానికేసుకుని మనుషులే లాక్కుంటూ నడిచేవారు. ఇవాళ్టికీ గూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి ఈ మెషీను చూపించి "దీని మీద అరగంట లాగడానికి డబ్బు కడుతున్నాం" అంటే పడీపడీ నవ్వుతాడు. నవ్వాలి కూడా. ఒళ్ళు అలిసే పని ఉన్నవాడికి ఇది అక్కర్లేదు. ఇది మనలాంటివాళ్ళకి, అంటే ఒళ్ళు అలవకుండా మెదడు మాత్రం అలిసిపోయేవాళ్ళకి. ఆ తేడా మర్చిపోయి కూలీల కష్టాన్ని "నాచురల్ జిమ్" అని పొగిడే రాతలు చూస్తే నాకు ఒళ్ళుమంట. ఆ కష్టంలో విశ్రాంతి రోజు ఉండదు, ప్లాను ఉండదు, నడుం పోతే సిక్ లీవు ఉండదు.

"రోజంతా కూర్చుని, వ్యాయామం కూడా కూర్చునేనా?" అని ఇంకొకరంటారు. ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఇదొక్కటే చాలదు, నడక తప్పదు.

"ఖరీదు?" మంచి మెషీను లక్ష పైమాటే. కొనమని నేను చెప్పను. ఆఫీసులో ఉంటే వాడండి, ఊళ్ళో జిమ్ములో ఉంటే అక్కడ వాడండి. అసలు లేకపోతే మెట్లెక్కడం, తాడాట, గుంజీలు, రబ్బరు పట్టీ లాగడం ఇవన్నీ కలిపినా పని జరుగుతుంది. ముఖ్యమైనది మెషీను బ్రాండు కాదు, ఏ నెలలో లోపల, ఏ నెలలో బయట అన్న లెక్క.

ఎలా చెయ్యాలంటే, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారానికి మూడు రోజులు చాలు. రెండు రోజులు అరగంట చొప్పున మెల్లగా, పక్కవాడితో మాట్లాడగలిగేంత తేలిగ్గా, నిమిషానికి ఇరవై, ఇరవై రెండు లాగుల చొప్పున. లాగడానికి ఒక వంతు సమయం, తిరిగి వెళ్ళడానికి రెండు వంతులు. మూడో రోజు కాస్త గట్టిగా: నాలుగు నిమిషాలు మాట పెగలనంత జోరుగా, మూడు నిమిషాలు తీరిగ్గా, ఇలా నాలుగుసార్లు. ఏసీ లేని గదైతే ఫ్యాను దగ్గర పెట్టుకోండి, తెల్లవారకముందే ముగించండి. గదిలో ఉన్నాం కదా అని వడదెబ్బ వదిలెయ్యదు. దసరా నుంచి ఒక రోజు మెషీను తగ్గించి ఆ రోజు బయట నడక, మెల్లగా పరుగు. కార్తీకం వచ్చిందా, తిరగబడిపోవాలి: మెషీను వారానికి ఒక్కరోజు, మిగతాదంతా బయటే.

మెషీను పిడి పట్టుకుని లాగుతుంటే గొలుసు వస్తూనే ఉంటుంది, వదిలితే మళ్ళీ లోపలికి పోతుంది. ఎంత లాగినా తెగదు, తరగదు. కొల్లేటి చాంతాడు అంటారే, అచ్చంగా అదే. చివర కనబడని తాడుని లాగాలంటే మనిషికి ఏదో ఒక ఒడ్డు కనబడాలి. అందుకే తేదీ పెట్టుకోమంటున్నాను. నా మట్టుకు ఆ ఒడ్డు కొల్లేరే. వేసవిలో లాగే ప్రతి కిలోమీటరూ కార్తీకంలో కైకలూరు రోడ్డు మీద ఎదురుగాలికి దాచుకున్న డబ్బులాంటిది.

కొల్లేరు మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. దత్తు భోకనల్ పేరు విన్నారా? నాసిక్ జిల్లాలో నీటి ఎద్దడి ఉండే ఊరు తళేగావ్ రోహి. తండ్రితో కలిసి బావులు తవ్విన కుర్రాడు. 2012లో సైన్యంలో చేరాక రోయింగ్ నేర్చుకున్నాడు. 2016 రియో ఒలింపిక్స్‌లో సింగిల్ స్కల్స్‌లో పదమూడో స్థానం. 2018 ఆసియా క్రీడల్లో నలుగురు పడవలో బంగారు పతకం. అంతకు ముందు 2010లో ఆసియా క్రీడల రోయింగ్‌లో మన దేశానికి తొలి బంగారం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్‌ది రాజస్థాన్! నీళ్ళు లేని చోట్ల పుట్టినవాళ్ళు తెడ్డు పట్టి గెలిచారు. మరి కొల్లేరు, ఉప్పుటేరు, ఊరూరా కాలువలు ఉన్న మనం? ఒకప్పుడు కాలువలో ఈత రాని పిల్లాడు ఉండేవాడు కాదు. ఇప్పుడు ఏలూరు కాలువ దగ్గర బండి ఆపితే ముందు ముక్కు మూసుకుంటాం. అదే కాలువ 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భాగం కూడాను!

కొల్లేటిలోకి పోటీ పడవలు దించాలని నేను అనను. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. అది ముందు పక్షులది, దాని మీద బతికే లంక గ్రామాలది. కానీ కాలువ ఉంది కదా. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది, వందల మంది కుర్రాళ్ళున్నారు, పక్కనే కాలువ పారుతోంది. నీళ్ళు వదిలే నెలల్లో ఓ శుభ్రమైన కిలోమీటరు, రెండు పడవలు, లైఫ్ జాకెట్లు, ఈత నేర్పే ఒక మాస్టారు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ మీద రోయింగ్ శిక్షణ నడుస్తుంటే, ఇక్కడ నడవకూడదా? పడవ దిగాలంటే కాలువ బాగుండాలి. కాలువ బాగుండాలని అడగాలంటే రోజూ దాంట్లో దిగే అవసరం కొంతమందికైనా ఉండాలి.

జిమ్ములోంచి బయటికి రమ్మని ఇంతగా పోరు పెట్టేది అందుకే. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత ఎక్కడ గట్టు మళ్ళీ లేచింది, ఎక్కడ గుర్రపుడెక్క అల్లుకుంది, కిందటేడు నీళ్ళున్నచోట ఈ ఏడు ఏముంది... ఇవన్నీ పేపరు చదివితే ఒకలా తెలుస్తాయి, వారం వారం సైకిలు మీద ఆ గాలి పీలుస్తూ పోతే ఒకలా తెలుస్తాయి. ఏసీ గదిలో వెయ్యి కిలోమీటర్లు లాగినవాడికి అందులో ఒక్క సంగతీ తెలియదు. తన గుండె లెక్క తెలుస్తుందంతే.

కాబట్టి రోహిణి కార్తెలో మెషీను మీదున్న తువ్వాళ్ళు తీసి పక్కన పెట్టండి. మీట నాలుగులో పెట్టుకోండి. కార్తీక పౌర్ణమి ఏ రోజు వచ్చిందో క్యాలెండర్లో చూసి గుండ్రంగా గీత గీయండి. ఆ వారాంతం ఏలూరు స్టేషన్లో దిగి, సైకిలు గాలి చూసుకుని, కైకలూరు రోడ్డెక్కండి. ఎదురుగాలి ఉంటుంది, ముందే చెప్తున్నాను.

ఏమంటారు?